బొగ్గును వెంటేసుకుని నాలుగు రోజులు: రామప్ప నుంచి కాళేశ్వరం దాకా

ఈసారి మూఢం ఏప్రిల్ చివర్లోనే వచ్చిపడింది. పెళ్ళిళ్ళు లేకపోతే మా తమ్ముడికి పని లేదు, వాడు పెళ్ళి ఫొటోలు తీస్తాడు. నాకు కాలేజీ సెలవులు. లైట్లూ స్టాండ్లూ మోసే పాత వ్యాన్ ఒకటుంది వాడి దగ్గర, ఇంజిన్ ముందు సీట్ల కింద ఉండే రకం, ఏసీ లేదు. ఆ సామానంతా దించేసి, వెనక సీట్లు పీకేసి, పరుపు వేసుకుని నాలుగు రోజులు అడవి వైపు తిరిగొద్దాం అక్కా అన్నాడు. మరి బొగ్గు సంగతేంటి అన్నాను. తీసుకుపోదాం అన్నాడు, అదేదో టిఫిన్ డబ్బా అయినట్టు.

బొగ్గు మా కుక్క. తల్లి లాబ్రడార్, తండ్రి మా హనుమకొండ వీధి కుక్క. ఆరేళ్ళు, 27 కిలోలు, ముక్కు చివర నుంచి తోక దాకా నలుపు. పోయినేడాది ఊరెళ్తూ కుక్కల్ని పెట్టుకునే ఒక చోట వదిలితే మూడు రోజులు అన్నం ముట్టలేదు, అప్పుడే ఇక వదిలిపెట్టి పోకూడదని అనుకున్నాను. కానీ నల్ల కుక్క, ఏసీ లేని బండి, మే నెల. మా అమ్మయితే "మీకేమన్న పిచ్చిలేసిందా" అని ఒక్కటే మాట అని లోపలికి పోయింది.

కుక్కకి మనలాగా ఒళ్ళంతా చెమట పట్టదు. పాదాల కింద మెత్తల్లో కాస్త పడుతుంది, మిగతా వేడంతా నాలుక వేలాడేసి రొప్పి బయటికి పంపాల్సిందే. అందుకని నేను ఆన్‌లైన్‌లో 1,450 రూపాయలు పెట్టి జెల్ పరుపు ఒకటి తెప్పించాను, కుక్క దాని మీద పడుకుంటే చల్లగా ఉంటుందట. తమ్ముడు దాన్ని వేలితో నొక్కి చూసి, ఏమీ అనకుండా, పాత ఇంటి స్నానాల గది పగలగొట్టినప్పుడు మిగిలిన షాబాద్ బండ ఒకటి మోసుకొచ్చాడు. రెండడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, ఇరవై కిలోల దాకా ఉంటుంది. వ్యాన్ మధ్యలో, ఇంజిన్ వేడి తగలనంత వెనక్కి, అటొక చెక్క ఇటొక చెక్క బిగించి కదలకుండా పెట్టాడు. ఎండాకాలం మన ఇళ్ళల్లో కుక్క ఎక్కడ పడుకుంటదక్కా, బండల మీదే కదా అన్నాడు. నిజమే, కానీ ఆ క్షణాన ఒప్పుకోబుద్ధి కాలేదు.

ఇంకా పెట్టుకున్నవి: కిటికీలకి సరిగ్గా కోసిన థర్మాకోల్ షీట్లు, వాటికి వెండి కాగితం అతికించి, పైకప్పు మీద తడిపి పరచడానికి గోనె సంచులు, బ్యాటరీతో తిరిగే చిన్న ఫ్యాన్లు రెండు, ఇరవై లీటర్ల క్యాన్లు మూడు, నీళ్ళు చల్లబడే చిన్న మట్టి రంజన్ ఒకటి, 150 రూపాయలు, ఉల్లీ వెల్లుల్లీ ఉప్పూ లేకుండా కాచి స్టీలు గిన్నెల్లో గడ్డ కట్టించిన చికెన్ నీళ్ళు, థర్మామీటర్. థర్మామీటర్ ఎందుకు దండగ అన్నాడు తమ్ముడు. ఆ మాట శనివారం దాకా గుర్తుపెట్టుకోండి.

మే 2, 2024, గురువారం: పాలంపేట, రామప్ప గుడి

తెల్లవారుజామున నాలుగింటికి బయల్దేరాం. కుక్కతో ఎండాకాలం ప్రయాణమంటే రోడ్డు మీద ఉండే టైం అదే, నాలుగు నుంచి తొమ్మిది, మళ్ళీ సాయంత్రం ఐదున్నర తర్వాత. మధ్యలో చెట్టు. ఈ లెక్క కాగితం మీద రాసి డ్యాష్‌బోర్డుకి అతికించాను కూడా.

ములుగు దాటాక చెక్‌పోస్ట్. 13న పార్లమెంటు పోలింగ్, యాభై వేలకి మించి నగదుంటే కాగితాలు చూపించాల్సిందే కాబట్టి ప్రతి బండీ ఆపుతున్నారు. కిటికీలన్నీ వెండి కాగితాలతో మూసేసిన పాత వ్యాన్ తెల్లారుజామున వస్తే ఎవరికైనా అనుమానమే. వెనక డోర్ తీయమన్నారు. తీస్తే చీకట్లో రెండు కళ్ళు. కానిస్టేబుల్ ఒక్క గంతు వెనక్కి వేసి, తర్వాత తనే నవ్వేసి, టార్చి వేసి రంజన్ మూత ఎత్తి చూశాడు. "గిండ్ల నీళ్ళేనా?" అన్నాడు. నీళ్ళే సార్ అన్నాం. ఓ గ్లాసు తాగి, సల్లగున్నయ్ అని పంపించాడు.

రామప్ప గుడి చూడని వరంగల్ వాళ్ళుండరు, నేను ఎన్నిసార్లు వచ్చానో లెక్క లేదు. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించింది, 2021లో యునెస్కో జాబితాలోకి ఎక్కింది, పైన శిఖరానికి వాడినవి నీళ్ళలో తేలే ఇటుకలు, ఇవన్నీ ప్రతి గైడూ చెప్తాడు. కుక్కని లోపలికి రానివ్వరు, రానివ్వకూడదు కూడా. అందుకని వంతులు. ముందు తమ్ముడు కెమెరా వేసుకుని పోయాడు, పోయినవాడు మదనికల శిల్పాల దగ్గర వెలుతురు బాగుందని రెండున్నర గంటలకి గానీ తిరిగి రాలేదు. నా వంతు వచ్చేసరికి తొమ్మిదిన్నర. చెప్పులు విడిచి ఆవరణలో రాళ్ళ మీద అడుగుపెట్టాను, నాలుగడుగులు మామూలుగా వేశాను, ఐదోది ఎగిరి వేశాను. నా ముందు ఒక పెద్దాయన పంచె ఎగ్గట్టుకుని నంది మండపం నీడ దాకా చిన్నపిల్లాడిలా పరిగెత్తాడు, ఆయన వెనక ఆయన కోడలు, ఆవిడ వెనక నేను. నీడలో ముగ్గురం నిలబడి పాదాలు ఒకదాని మీద ఒకటి రుద్దుకుంటూ నవ్వుకున్నాం.

బయటికొచ్చి తమ్ముడితో, కుక్కలకి చెప్పుల్లేవురా అన్నాను. వాడికి అర్థం కాలేదు. తారు రోడ్డు మీద చెయ్యి వెనక వైపు ఆనించి ఏడు అంకెలు లెక్కపెట్టమన్నాను. మూడుకే తీసేశాడు. అయితే అది కూడా నడవలేదు అని చెప్పి, బొగ్గుని మట్టి అంచు వెంబడే వ్యాన్ దాకా నడిపించాం.

పగలు గడపడానికి రామప్ప చెరువు వైపు వెళ్ళే దారిలో ఒక మామిడితోట దొరికింది. తోట కౌలుకి తీసుకున్నాయన మంచం మీద పడుకుని ఉన్నాడు, కుక్కని చూసి లేచి కూర్చున్నాడు, కోతులొస్తున్నయ్, సాయంత్రం దాక ఉంచుండ్రి, పైసలు మీకే ఇస్త అన్నాడు. అలా బొగ్గుకి తన జీవితంలో మొదటి ఉద్యోగం దొరికింది. కోతులు రెండుసార్లు వచ్చాయి. రెండుసార్లూ అది తల కూడా ఎత్తలేదు.

జెల్ పరుపు సంగతి ఆ మధ్యాహ్నమే తేలిపోయింది. మొదటి అరగంట బాగానే ఉంది, బొగ్గు దాని మీదే పడుకుంది. తర్వాత కుక్క ఒంట్లో వేడీ, తోటలో వేడీ కలిసి ఆ జెల్‌లోకి దిగి, అది గోరువెచ్చటి నీళ్ళ సంచిలా తయారైంది. బొగ్గు లేచి, ఒకసారి నా వైపు చూసి, వ్యాన్‌లోకి ఎక్కి బండ మీద బోర్లా పడుకుంది, వెనక కాళ్ళు కప్పలా చాపి, పొట్ట మొత్తం రాయికి ఆనించి. రాత్రంతా ఇంట్లో నీళ్ళు చల్లుతూ ఉంచిన బండ అది, మధ్యాహ్నం ఒంటిగంటకి చెయ్యి పెట్టినా చల్లగానే ఉంది. తమ్ముడు ఏమీ అనలేదు, అదే ఇంకా బాధ.

కౌలుదారు భార్య మధ్యాహ్నం జొన్న గట్క, సల్ల, పచ్చి మామిడికాయ తొక్కు పట్టుకొచ్చింది. మేం తెచ్చుకున్న పులిహోర ఆమెకిచ్చాం. కుక్కకి పొద్దున ఐదింటికి ఒకసారి, రాత్రి ఎనిమిదింటికి ఒకసారి తప్ప పెట్టట్లేదు, ఎండలో నిండు పొట్ట మంచిది కాదని. ఆమెకి అది నచ్చలేదు. "నోరులేని జీవం, ఎండవెడ్తుండ్రు" అని ఉప్పు లేని పలచటి సల్ల గిన్నెలో పోసింది. అదైతే పర్వాలేదన్నాను. ముంజలు డజను వంద రూపాయలకి కొన్నాం, తమ్ముడూ నేనూ చెరి ఐదు, బొగ్గుకి రెండు, తోలు తీసి.

మే 2 రాత్రి: లక్నవరం

సాయంత్రం గోవిందరావుపేట మీదుగా లక్నవరం చేరేసరికి చీకటి పడింది. వేలాడే వంతెన మీద లైట్లు, చెరువులో నీళ్ళు బాగా తగ్గి గట్టున బురద వాసన. నీళ్ళ పక్కన చల్లగా ఉంటుందని చెరువుకి వీలైనంత దగ్గర్లో బండి ఆపుకున్నాం. బండ తడిపాం, పైన గోనె సంచులు తడిపాం, దోమలొస్తాయని కిటికీలు బిగించి ఫ్యాన్లు పెట్టుకుని పడుకున్నాం.

రాత్రి ఒంటిగంటకి బొగ్గు రొప్పుతున్న చప్పుడుకి మెలకువ వచ్చింది. పగలు 44 డిగ్రీల్లో కూడా అంతలా రొప్పలేదు. ఫోన్ చూస్తే బయట 31. నా చొక్కా ఒంటికి అంటుకుపోయి ఉంది, వ్యాన్ అద్దాల లోపలి వైపు నీటి చుక్కలు. అప్పుడు వెలిగింది. చెరువు పక్క తేమ, లోపల మేం పోసిన నీళ్ళ తేమ, మూడు ప్రాణుల ఊపిరి, అన్నీ ఆ డబ్బాలో మూసిపెట్టాం. గాలిలో అప్పటికే తేమ నిండితే నాలుక మీది తడి ఆరదు, తడి ఆరకపోతే ఎంత రొప్పినా వేడి పోదు. ఇరవై ఏళ్ళుగా ఫస్టియర్ పిల్లలకి ఫిజిక్స్ చెప్తున్నదాన్ని. బాష్పీభవనం మీద రెండు మార్కుల ప్రశ్నకి జవాబు నిద్రలో లేపినా చెప్తాను. లేపింది, చెప్పలేకపోయాను.

తమ్ముణ్ణి లేపి బండిని చెరువు నుంచి దూరంగా, గాలి ఆడే మిట్ట మీదికి తెచ్చాం. గోనె సంచులు తీసేసి, రెండు వైపులా డోర్లు తెరిచి దోమల జాలి కట్టాం. పదిహేను నిమిషాల్లో అది నోరు మూసుకుని పడుకుంది. కాపలాదారు ఒకాయన టార్చితో వచ్చి ఇక్కడ పెట్టొద్దనబోయి, కుక్కని చూసి, "దానికి ఉక్కపోస్తుందా మేడం" అని అడిగి వెళ్ళిపోయాడు.

మే 3, శుక్రవారం: తాడ్వాయి, మేడారం

నిద్ర సరిపోక ఇద్దరం చిరాగ్గా ఉన్నాం, ఆ రోజు గురించి పెద్దగా చెప్పేదేం లేదు. తాడ్వాయి అడవిలో పొద్దున ఆరింటికి గాలి కత్తిలా ఉంది, పొడిగా. అభయారణ్యం దారి కాబట్టి కుక్కని కిందికి దించొద్దని ఫారెస్టు వాళ్ళు చెప్పారు, దించలేదు. ఇప్పచెట్ల కింద పూలు ఏరే కాలం దాదాపు అయిపోయింది, ఇప్పుడంతా బీడీలు చుట్టే తునికాకు. ఆడవాళ్ళు తెల్లారకముందే అడవిలోకి పోయి ఆకు తెచ్చి, ఇంటి ముందు నీడలో కూర్చుని యాభై ఆకులకో కట్ట కడుతున్నారు. తునికిపండ్లు గ్లాసుకి ఇరవై రూపాయలు.

మేడారంలో జాతర ఫిబ్రవరిలో అయిపోయింది. అప్పుడు కాలు పెట్టే సందుండదు, ఇప్పుడు గద్దెల చుట్టూ పది మంది కూడా లేరు. జంపన్నవాగులో చారలు చారలుగా నీళ్ళు, మిగతాదంతా ఇసుక. బెల్లం అమ్మే దుకాణంలో "బంగారం ఎంత కావాలె" అని అడిగితే బయటి ఊరివాళ్ళు ఎవరో బిత్తరపోయారు, ఇక్కడ బెల్లాన్ని బంగారం అనే అంటారు. మేం కిలో బంగారం కొన్నాం, అరవై రూపాయలు.

ఇక్కడ గొడవంతా ఊరకుక్కలతో. జాతరకి వచ్చిన కోళ్ళు, మేకలు తిని బలిసిన గుంపు, ఎనిమిదో తొమ్మిదో ఉంటాయి. బొగ్గు వ్యాన్ దిగీ దిగగానే చుట్టుముట్టాయి. నేను కేకలేస్తుంటే టీకొట్టు ముసలాయన బెంచీ మీద నుంచి లేవకుండానే, అరవకమ్మా, అరిస్తే అవి నిన్ను గూడ కుక్కే అనుకుంటయ్ అన్నాడు. రెండు బన్నులు దూరంగా విసరమన్నాడు, పది రూపాయల పని. విసిరాం, పోయాయి. ఆ తర్వాత ప్రతి ఊళ్ళోనూ దిగే ముందు రెండు బన్నులు చేతిలో పెట్టుకున్నాం.

పగలంతా మర్రిచెట్టు కింద. రాత్రి అదే టీకొట్టు వెనక, ఆయన ఇచ్చిన నవారు మంచాల మీద ఆరుబయట పడుకున్నాం. నాలుగు రోజుల్లో బొగ్గు ఒక్కసారి కూడా రొప్పకుండా పడుకున్న రాత్రి అదొక్కటే. దానికి పెట్టిన ఖర్చు సున్నా.

మే 4, శనివారం: బయ్యక్కపేట దారిలో

ఇది రాయాలని లేదు, కానీ అసలు రాయాల్సింది ఇదే.

నాలుగింటికి లేవాల్సింది, ఏడున్నరకి లేచాం. టీకొట్టాయన భార్య సర్వపిండి చేస్తానంది, ఆగాం. బియ్యప్పిండిలో శనగపప్పు, నువ్వులు, కరివేపాకు, గిన్నెకి అంటించి వేళ్ళతో గుంటలు చేసి నూనె పోసి కాల్చింది, అంచులు కరకర, నడుమ మెత్తన. ఇంకోటి వేస్తానంటే ఇంకోటి తిన్నాం. బయల్దేరేసరికి పదిన్నర. డ్యాష్‌బోర్డు మీద నేను రాసి పెట్టిన కాగితం నా మొహానికి ఎదురుగానే ఉంది.

నార్లాపూర్, బయ్యక్కపేట మీదుగా భూపాలపల్లి పోవాలి. అడవిలో ఒక చోట దారి రెండయింది, ఫోన్‌లో సిగ్నల్ లేదు. తమ్ముడు కుడి అన్నాడు, నేను ఎడమ అన్నాను, వాడి చేతిలో స్టీరింగ్ ఉంది కాబట్టి కుడి. ఆరేడు కిలోమీటర్లు పోయాక తారు అయిపోయి మట్టి, మట్టి అయిపోయి ట్రాక్టర్ జాడలు. బండి తిప్పుతుంటే మొద్దు గుచ్చుకుని వెనక టైరు పోయింది. స్టెప్నీ తీస్తే దాంట్లో గాలి లేదు. టైం పన్నెండు.

చెట్లన్నీ ఆకు రాల్చి నిలబడి ఉన్నాయి, నీడ అనేది గీతలు గీతలుగా తప్ప లేదు. వడగాలి పొయ్యి మూత తీసినట్టు కొడుతోంది. బండ అప్పటికే వేడెక్కింది, పొద్దున దాని మీద నీళ్ళు కూడా చల్లలేదు. టెన్షన్‌లో నాకు తోచింది ఒక్కటే, నా పెద్ద టర్కీ టవల్ తడిపి బొగ్గు మీద మెడ నుంచి తోక దాకా కప్పేశాను. దుమ్ము రాకుండా వడగాలి వైపు డోర్ వేశాను. తమ్ముడు టైరు దొర్లించుకుంటూ వచ్చిన దారినే వెనక్కి పోయాడు.

పావుగంట తర్వాత చూస్తే అది పడుకోవట్లేదు, నిలబడీ ఉండట్లేదు, తూలుతోంది. నాలుక మామూలు కంటే రెండింతలు వెడల్పు, చివర గరిటెలా విచ్చుకుని. చొంగ తీగలు సాగుతోంది. పెదవి ఎత్తి చూస్తే చిగుళ్ళు ఇటుక రంగు. థర్మామీటర్ పెట్టాను, 105.1. కుక్కకి మామూలుగా 101 నుంచి 102న్నర దాకా ఉంటుంది. టవల్ ముట్టుకుంటే ఇస్త్రీ చేసిన బట్టలా వెచ్చగా ఉంది.

తునికాకు మూటలతో ముగ్గురు ఆడవాళ్ళు వస్తున్నారు, కోయవాళ్ళు. ముందున్న పెద్దావిడ వ్యాన్‌లోకి తొంగి చూసింది, నన్నేమీ అడగలేదు, చెయ్యి పెట్టి ఆ టవల్ లాగి పారేసింది. "రంజన్ మీద గొంగడి కప్పితే నీళ్ళు సల్లగైతయా బిడ్డా?" అంది. తర్వాత నన్నూ కుక్కనీ కలిపి ఎత్తినంత పని చేసి, దారి వంపులో రెండు వందల గజాల దూరంలో బోరింగ్ ఉందని చూపించింది. నేను మూడు రోజులుగా ఆ అడవిలో తిరుగుతున్నాను, ఆ మలుపు తిరిగి చూడలేదు.

బొగ్గుని చేతుల మీద మోసుకెళ్ళాం, నేను ముందు, ఒక అమ్మాయి వెనక. పెద్దావిడ బోరింగ్ కొట్టింది, ఇంకొకామె చెంబుతో పోసింది, నేను అట్టముక్కతో విసిరాను. నెత్తి మీద కాదు, పొట్ట కింద, తొడల లోపల, చంకల్లో, పాదాల మీద, వెంట్రుకలు పలచగా ఉండే చోటల్లా. పోయడం, విసరడం, మళ్ళీ పోయడం. నోట్లో నీళ్ళు పోయబోతే ఆవిడే ఆపింది, పొరవోతది, దానంతట అది తాగనీ అని. ఇరవై ఐదు నిమిషాలకి 103.2. అప్పుడు ఆపి నీడలో కూర్చోబెట్టాం. అది లేచి, ఒళ్ళు విదిలించి మా నలుగుర్నీ తడిపి, బోరింగ్ కింద గుంటలో నీళ్ళు తాగింది. నాకు ఏడుపొచ్చింది. ఆవిడ మాత్రం తునికాకు మూట ఎండుతోందని తొందరపడుతోంది. నేను పర్సు తీస్తే చెయ్యి అడ్డం పెట్టింది. మేడారం బెల్లం ఉంది కదా, కిలో బంగారం ఇచ్చాను, అది మాత్రం కళ్ళకద్దుకుని తీసుకుంది.

బైకు మీద పోతున్న కుర్రాడెవరో తమ్ముణ్ణి ఊళ్ళోకి తీసుకెళ్ళి పంక్చర్ వేయించుకొచ్చాడు, 150 రూపాయలు. భూపాలపల్లి చేరేసరికి మూడున్నర, కిటికీలన్నీ తెరిచి, నేను వెనక కూర్చుని దారంతా విసురుతూనే ఉన్నాను. పశువుల డాక్టర్ చిగుళ్ళు నొక్కి చూసి, గ్లూకోజ్ ఎక్కించి, 800 తీసుకున్నాడు. ముందు చల్లబరిచి తర్వాత తీసుకురావడం మంచిదయింది, అలాగే తెచ్చుంటే దారిలోనే పోయేదేమో అన్నాడు. 103కి రాగానే నీళ్ళు ఆపడం కూడా సరైనదే, లేకపోతే ఒళ్ళు మరీ చల్లబడి కిందికి పోతుందట. వడదెబ్బ తర్వాత ఒకట్రెండు రోజులకి కిడ్నీల మీద పడొచ్చు, మూత్రం రంగు చూస్తుండండి, ఇంటికెళ్ళాక రక్తపరీక్ష చేయించండి అని చెప్పాడు. టవల్ సంగతి చెప్పాను. అందరూ అదే చేస్తారమ్మా అన్నాడు. ఓదార్పుగా అన్నాడో విసుగ్గా అన్నాడో తెలియలేదు.

ఆసుపత్రి బయట చెట్టు కింద సింగరేణి యూనిఫాంలో ఒకాయన మేకని పట్టుకుని కూర్చున్నాడు. కుక్క పేరేంటి అని అడిగాడు. బొగ్గు అన్నాను. కాసేపు దాన్నే చూసి, "మా భూపాలపల్లి బిడ్డే అన్నట్టు" అని మేక కోసం తెచ్చిన నీళ్ళ బాటిల్ మాకిచ్చి వెళ్ళాడు.

మే 5, ఆదివారం: కాళేశ్వరం, తిరుగుదారి

ఇంటికి పోదామన్నాను. తమ్ముడు కూడా అదే అన్నాడు, నా మొహం చూసి. కానీ రాత్రంతా బొగ్గు బాగా పడుకుంది, మూడింటికి లేచి తోక ఊపింది, చిగుళ్ళు గులాబీ రంగులో ఉన్నాయి. ఎలాగూ పగలు ప్రయాణం చేయకూడదు, చీకట్లో అరవై కిలోమీటర్లు పోతే గోదావరి. కాటారం, మహాదేవపూర్ దాటి ఐదున్నరకల్లా కాళేశ్వరం ఘాట్‌లో ఉన్నాం.

నది నిండా ఇసుక. కింద మేడిగడ్డ బ్యారేజీలో నీళ్ళు నిలపట్లేదు కాబట్టి గోదావరి మళ్ళీ ఎండాకాలం గోదావరిలాగే ఉంది, ప్రాణహిత తెచ్చిన నీళ్ళే ఆ మాత్రం పారుతున్నాయి. అవతల గట్టు మహారాష్ట్ర. తాడు పొడవుగా వదిలి, ఇసుక తవ్విన గుంటలుంటాయని ఘాట్ మీది పంతులుగారు చెబితే మోకాలి లోతు దాటనివ్వకుండా, బొగ్గుని నీళ్ళలో వదిలాం. మొదట ఈదలేదు. పొట్ట మునిగేంత లోతులో నిలబడి, ప్రవాహానికి ఎదురుగా మొహం పెట్టి, కళ్ళు సగం మూసుకుంది. అలా ఇరవై నిమిషాలు. పక్కన స్నానం చేస్తున్న కరీంనగర్ అమ్మ ఒకావిడ, పోయిన జన్మల ఏ పుణ్యం చేసుకుందో అని దోసిలితో మూడుసార్లు దాని మీద నీళ్ళు పోసింది.

గుళ్ళో ఒకే పానవట్టం మీద రెండు లింగాలు, ఒకటి యముడిది, ఒకటి ముక్తేశ్వరుడిది. ఎప్పుడూ ముక్తేశ్వరుడికే దండం పెట్టుకుంటాను. ఈసారి పక్కాయనకి కూడా ప్రత్యేకంగా పెట్టాను.

పగలంతా ఊళ్ళో ఒక ఇంటి ముందు వేపచెట్టు కింద, వాళ్ళ కూలర్ గాలి గుమ్మం దాకా వచ్చే చోట. వాళ్ళే కొర్రమట్ట పులుసు, అన్నం పెట్టారు, ఇద్దరికి 300 తీసుకున్నారు, మొహమాటం లేకుండా అడిగి. మధ్యాహ్నం అది నిద్రలేచి ఒకసారి వ్యాన్ వరకు నడిచి, బండ మీద కాలు పెట్టి చూసి, వేడిగా ఉందేమో మళ్ళీ చెట్టు కిందికే వచ్చింది. దానికి తెలుస్తుంది. మనమే చూడం. సాయంత్రం ఆరింటికి బయల్దేరి పరకాల మీదుగా రాత్రి తొమ్మిదిన్నరకి హనుమకొండలో దిగాం.

మొత్తం పెట్రోల్ 3,400 అయింది. డాక్టర్, పంక్చర్, తిండి, పండ్లు, బన్నులు అన్నీ కలిపి ఇంకో 2,600. జెల్ పరుపు లెక్కలో వేయట్లేదు, దాని మీద ఇప్పుడు మా అమ్మ వడియాలు ఎండబెడుతోంది. మంగళవారం చేయించిన రక్తపరీక్ష మామూలుగానే వచ్చింది, 900 రూపాయలు. నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు, మూఢం పోయాక లైట్లు పెట్టుకోవాలి కదా, వ్యాన్‌లో బండకి బిగించిన చెక్కలు పీకేయనా అని. బండ ఎలాగూ మా వంటింటి గడప దగ్గరే ఉంది, బొగ్గు దాని మీద నుంచి లేవట్లేదు. చెక్కలు మాత్రం ఉండనీ అన్నాను.